క్లోవర్ వాడలో పుట్టినవాళ్ళు

మాంచెస్టర్ పట్నం ఎందుకిలా పెరిగిపోతోందని ఒక దొరగారికి బెంగ పట్టుకుంది. తిన్నది అరిగించుకునే పని లేనివాళ్ళకు ఇలాంటి బెంగలే పడతాయి. వాళ్ళ తాతగారి కాలంలో గుర్రమెక్కి ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళేసరికి చుట్ట సగం కూడా కాలేది కాదట. ఇప్పుడు వెళ్ళేసరికి గుర్రమే అలిసిపోతోందట. ఈ జనమంతా ఎక్కడి నుంచి ఊడిపడ్డారో తెలుసుకోకపోతే ఆయనకు నిద్ర పట్టదు. అందుకని ఒక ఆదివారం పొద్దున పనిగట్టుకుని మా క్లోవర్ వాడకు వచ్చాడు.

ఆయన పేరు పెవెరెల్. చేతులకు తెల్లటి తొడుగులు, ముక్కుకు అత్తరు రుమాలు. మా వాడ వాసనకు ఆ రుమాలు ఏ మూలకూ రాదు, పాపం. రెండు వరుసల ఇళ్ళు, ఒకదాని వీపుకు ఇంకొకటి ఆనించి కట్టినవి, మధ్యలో ఒక్క నీళ్ళ పంపు, చివర అందరికీ కలిపి ఒక్క దొడ్డి. వాడ కట్టించినవాడికి కిటికీలంటే గిట్టదు. నేల కింద కూడా గదులు తవ్వించి వాటికీ అద్దె తీసుకుంటాడు. వీలుంటే పొగగొట్టాల్లో కూడా కాపురాలు పెట్టించేవాడే.

నా పేరు హెప్సీ. మిల్లులో దూది ఏకే గదిలో పని చేస్తాను. మా ఆయన ఈనాక్ చేతిమగ్గం నేతగాడు, అంటే ఒకప్పుడు. ఇప్పుడు ఆయన పనల్లా గడప మీద కూర్చుని ఆవిరి యంత్రాన్ని తిట్టడమే. ఆ పని మాత్రం ఒక్క పూట కూడా మానడు.

దొర పంపు దగ్గర నిలబడి గొంతు సవరించుకుని, “మీలో ఎవరెవరు ఎక్కడ పుట్టారు? ఈ పట్నానికి ఎందుకొచ్చారు? భయపడకుండా చెప్పండి” అన్నాడు.

భయపడకుండా అని అన్నాడంటేనే భయపడాల్సిన సంగతి. వాడంతా ఒక్కసారి గుమ్మాల్లోకి తలలు లాక్కుంది. ఎందుకో చెప్తాను. మా దేశంలో ఒక చట్టం ఉంది. ఒంట్లో సత్తువ ఉన్నంత కాలం నువ్వెవడివి, ఎక్కడివాడివి అని ఎవడూ అడగడు. చెయ్యి విరిగి, దగ్గు పట్టి, ఒక్క రొట్టె ఇప్పించండి బాబూ అని సర్కారు గడప తొక్కావా, ఆ రోజు నుంచి నీ పుట్టుపూర్వోత్తరాల మీద అందరికీ ఎక్కడలేని ఆసక్తి పుట్టుకొస్తుంది. ఏ ఊరివాడివైతే ఆ ఊరే నీకు తిండి పెట్టాలి. కాబట్టి బండెక్కించి తోలేస్తారు. అక్కడ నీకు ఇల్లుందా, మనిషుందా అన్నది వాళ్ళకు అనవసరం. అందుకే పల్లెల్లో ఆసాములు పాలేరును ఏడాదికి ఒక్క వారం తక్కువగా పెట్టుకుంటారు. ఏడాది నిండితే వాడు ఆ ఊరివాడైపోతాడు మరి. నిండు గర్భిణి కనిపిస్తే పొలిమేర దాటేదాకా తరుముతారు, తమ ఊళ్ళో కనేస్తుందేమోనని. 

ఇన్ని తెలిసినవాళ్ళం మేము, తొడుగుల దొర ఎక్కడ పుట్టావంటే పళ్ళికిలించి నిజం చెప్తామా?

ముందు తేరుకున్నది మలాకీ. నేలమాళిగలో ఉండే ఐరిష్‌వాడు, కాలువ ఒడ్డున బస్తాలు మోస్తాడు. నోరు తెరిస్తే చాలు, వాడి యాసలో సముద్రం అవతలి ఒడ్డు వినిపిస్తుంది.

“ఇక్కడే పుట్టాను దొరా” అన్నాడు గుండె మీద చెయ్యేసుకుని. “మా అమ్మ తోడు. ఇదిగో, ఈ పంపు పక్కనే.”

“నేనూ ఇక్కడే” అన్నాడు మా ఈనాక్. “ఆ మూల.”

“మేమూ ఇక్కడే” అన్నారు మిగతావాళ్ళు.

దొర మొహం వెలిగిపోయింది. “అందరూనా? బయటి నుంచి ఒక్కరూ రాలేదా?”

“బయట నుంచి వచ్చేవాళ్ళకి ఇక్కడ చోటెక్కడిది దొరా?” అన్నాడు మలాకీ.

“అయితే పట్నం పెరిగిందంతా పురుళ్ళతోనే అన్నమాట! ఇంతమంది పిల్లలు పుట్టడానికి కారణం ఏమై ఉంటుంది?”

ఈనాక్ చాలా గంభీరంగా ఆలోచించి, “చలికాలం పొద్దు తొందరగా గూకుతుంది దొరా. బొగ్గు చూస్తే పిరెం. ఒంటికి వేడి ఎలాగో అలా పుట్టించుకోవాలి కదా” అన్నాడు. నేను ఏప్రాన్‌తో నోరు మూసుకున్నాను. నలభై దాటిన మలాకీ, నిన్నమొన్న కట్టిన వాడలో ఎలా పుట్టాడన్న అనుమానం దొరకు రానే లేదు. చదువుకున్నవాళ్ళకు చదివింది తప్ప ఎదురుగా ఉన్నది కనపడదు. సంతోషంగా వెళ్ళిపోయాడు.

నిజం చెప్పాల్సి వస్తే చెప్పడానికి మాకు మాత్రం కథలు లేవా? మాది కొండవార పల్లె. ఇంట్లోనే మగ్గం, సోమవారం పని మానేసి తాగడం, మంగళవారం తలనొప్పి, బుధవారం నుంచి నేత. ఊరి బంజరులో ఒక ఆవు, నాలుగు బాతులు మేసేవి. ఒక రోజు పెద్దకమతాల వాళ్ళు కాగితాలు తెచ్చి బంజరు చుట్టూ కంచె నాటారు. మా ఆవు కసాయివాడి వెనక మాంచెస్టర్ దారి పట్టింది. ఆ తర్వాత ఇక్కడి ఆవిరి మగ్గాలు మా గుడ్డను గోనె ధరకు దించేశాయి. ఆవు వెనకే మేమూ వచ్చాం. మలాకీకి వాళ్ళ దేశంలో బంగాళాదుంపల పొలం చెక్క ఒకటుండేది. దాని మీద కౌలు తీసుకునేవాడొకడు, వాడి మీద ఇంకొకడు, ఆ పైన మొహమే చూపించని దొర ఒకడు. ఓడ మీద పందులతో కలిసి వచ్చాడు. పందులకు నీడ ఇచ్చారట, ఎందుకంటే పంది చస్తే నష్టం. పై అంతస్తు కెజియాను ఒక ఆసామి ఇంట్లో పనికి పెట్టుకుని, ఏడాదికి వారం తక్కువుండగా వెళ్ళగొట్టారు. చేతిలో మూట ఒకటి, కడుపులో ఆసామి కొడుకు ఇచ్చినది ఒకటి. మూడు ఊళ్ళు తరిమితే నాలుగోది ఇదయింది.

బొగ్గు, నీళ్ళు, యంత్రం, కాలువ, ఇప్పుడు రైలు, వీటివల్లే పట్నం పెరిగిందని పెద్దవాళ్ళు చెప్పుకుంటారు. అవీ నిజమే కావచ్చు. మిల్లు లేకపోతే మేం తినేదేమిటి? మా ఈనాక్‌లాంటి నేర్పరులకన్నా నా చేతులూ, చిన్నపిల్లల వేళ్ళూ మిల్లుకు ముద్దు, చవక కాబట్టి. కానీ బొగ్గు పిలిచిందని ఇల్లు వదిలి వచ్చినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. వెనక నుంచి ఎవడో తంతేనే ఎవడైనా వచ్చేది.

దొర అటు వెళ్ళాడు, డోర్కస్ అవ్వ ఇటు ప్రార్థన మందిరం నుంచి వచ్చింది.

ఈవిడ గురించి చెప్పకపోతే మా వాడ గురించి చెప్పనట్టే. అందరికన్నా పెద్దది. ఊరందరి బట్టలూ ఉతికి ఉతికి వేళ్ళు వంకర్లు పోయాయి. ఈ చలికాలం దగ్గు పట్టుకుని ఆ వంకర వేళ్ళతో చేసే పని కూడా పోయింది. వేరే దారి లేక సర్కారు రొట్టె అడిగింది. రెండు వారాలుగా ఇస్తున్నారు. రొట్టె తింటున్నందుకు సిగ్గుపడేది కానీ నోరు మాత్రం తగ్గలేదు. వాడ మొత్తానికి నీతికి కాపలాదారు ఆవిడే. నల్ల టోపీ పెట్టుకుని, చంకలో బైబిలు పట్టుకుని బయల్దేరిందంటే తాగుబోతులు గోడలకు అంటుకుపోయేవాళ్ళు. కెజియా అంటే మరీను. ఆ పిల్ల కనబడితే చాలు, “మెట్ల మీద కూచోకే, ఆ రంకు పిల్లని తీసుకుని లోపలికి పో” అనేది. కెజియా పిల్లను ఎత్తుకుని పైకి పోయేది. అవ్వ మీద నాకు ఒళ్ళు మండిపోయేది. అయినా జ్వరం వస్తే ముందు గంజి కాచి తెచ్చేది ఆవిడే కాబట్టి ఏమీ అనలేకపోయేదాన్ని.

ఇక ఆవిడ నోటి వెంట వచ్చే రెండో మాట మొగుడు నోవా. పడమటి కొండల నుంచి కాలువ తవ్వే కూలీల గుంపుతో వచ్చాడు, ఈవిణ్ణి చూసి మనసు పడ్డాడు. గుంపు వెంట తిరుగుతూ ఎక్కడో గట్టు మీది చర్చిలో పెళ్ళి చేసుకున్నారు. ఏ ఊరి చర్చో ఆవిడకు గుర్తులేదు. నోవా బూట్ల మట్టి చూసి పాదిరి చిరాకుపడటం మాత్రం గుర్తుంది. ఆ కథ మాకు ఎన్నిసార్లు చెప్పిందో! చిట్టచివర పాదిరి తుమ్మేచోట మేమే ముందుగా తుమ్మేవాళ్ళం. నోవా పోయి చాలా ఏళ్ళయింది. కాలువ అవతల శ్మశానంలో ఉన్నాడు, పక్కనే చిన్నప్పుడే పోయిన ముగ్గురు పిల్లలు. వాళ్ళ పక్కన అవ్వ చోటు ఖాళీగా ఉంది. ఆవిడ ఈ లోకంలో కోరుకునేది ఆ చోటొక్కటే.

జరిగింది విని డోర్కస్ అవ్వ పంపు దగ్గర నిలబడి అందుకుంది. “ఆదివారం పూట అబద్ధాలా? అందరూ ఇక్కడే పుట్టారా? ఇక్కడ పుట్టింది నేనొక్కదాన్నేరా! ఈ వాడ లేనప్పుడు పుట్టాను. ఇదంతా మా నాన్న పశువుల మేత బీడు. క్లోవర్ గడ్డి మోకాలి దాకా ఉండేది!”

“అవునవును” అన్నాడు మలాకీ. “నువ్వు మేస్తుంటే ఆ గడ్డి అయిపోయిందవ్వా.”

అందరం నవ్వాం. ముసలివాళ్ళు చెప్పే గడ్డీ గాదం కబుర్లు ఎవరు నమ్ముతారు? ఆ బురదలో ఒకప్పుడు పచ్చిక ఉండేదంటే నాకూ నమ్మబుద్ధి కాలేదు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం దొర మళ్ళీ వచ్చాడు. ఈసారి వెంట గ్రిమ్‌షాను తెచ్చాడు. గ్రిమ్‌షా బీదలకు రొట్టె పంచే అధికారి. మేం రొట్టెల దొర అంటాం. రొట్టె ఇచ్చేటప్పుడు సొంత కండ కోసి ఇస్తున్నట్టుండేది వాడి మొహం. దొర తాను కనిపెట్టిన వింత గురించి వాడికి గొప్పగా చెప్పాడట. వాడు పొట్ట పట్టుకుని నవ్వి, పదండి నేనూ చూస్తానన్నాడట.

“ఈ వాడ కట్టి నా కూతురి వయసంత కూడా కాలేదు దొరా” అన్నాడు గ్రిమ్‌షా. “ఈ ఐరిష్‌వాడి గడ్డం చూడండి, ఎలా నెరిసిపోయిందో!”

“కష్టాలకి తొందరగా నెరిసింది బాబూ” అన్నాడు మలాకీ.

పెవెరెల్ దొర చెవులు ఎర్రబడ్డాయి. గ్రిమ్‌షా చెయ్యి ఊపి, “మీరు చంద్రుడి మీద పుట్టినా నాకు పనిలేదు, నా గడపకి వచ్చి రొట్టె అడగనంత వరకు. అడిగినావిడ కోసం వచ్చాను. డోర్కస్ ఎవరు?” అన్నాడు.

డోర్కస్ అవ్వ ముందుకొచ్చింది. మందిరం టోపీ ఇంకా తియ్యలేదు.

“ఎక్కడ పుట్టావు?”

“ఇక్కడే. మీ బూటు ఉన్న చోట మా చెర్రీ ఆవు కట్టుకొయ్య ఉండేది.”

గ్రిమ్‌షా తల వెనక్కి వేసి నవ్వాడు. “ఇదీ అదే పాట! వాడంతా కూడబలుక్కున్నారే!”

అవ్వ మా వైపు తిరిగింది. ఆ చూపు ఇప్పుడు తలుచుకున్నా నాకు తల దించుకోవాలనిపిస్తుంది. వాడంతా అబద్ధం చెప్పి అరగదీసిన మాట, తీరా నిజంగా వాడుకోవాల్సిన మనిషికి చెల్లకుండా పోయింది.

ఆశ్చర్యం, ఆదుకున్నది పెవెరెల్ దొర. “ఉండండి. ఇది క్లోవర్ వాడ కదా. ఇక్కడ పశువులు మేసేవని మా తాతగారు చెప్పేవారు. ఒక పాలవాడి ఇల్లుండేదట.”

“మా నాన్నే” అంది అవ్వ. “మీ తాత పాలల్లో నీళ్ళు కలిపావని దెబ్బలాడేవాడు.”

“కలిపేవాడా?”

“కలిపేవాడు.”

దొర మొహం విప్పారింది. ఎట్టకేలకు ఒక నిజమైన పట్నవాసి దొరికింది. గ్రిమ్‌షా మాత్రం తొణకలేదు. “సరే, ఇక్కడే పుట్టావనుకుందాం. మొగుడెవరు?”

అవ్వ గడ్డం పైకెత్తింది. మొగుడి పేరు అడిగితే చాలు, ఆవిడ ఒళ్ళు తెలియని మనిషి. నేను వెనక నుంచి గౌను పట్టి లాగాను. విదిలించుకుంది. “నోవా టన్నిక్లిఫ్. మీ సరుకులు మోసే ఈ కాలువ తవ్వినవాడు.”

“ఏ ఊరు ఆయనది?”

“వెదర్లో. పడమటి కొండల్లో.”

“అయితే నీ ఊరూ వెదర్లోనే” అన్నాడు గ్రిమ్‌షా, పేకాటలో ముక్క దించినట్టు. “పెళ్ళయిన ఆడదానికి మొగుడి ఊరే ఊరు. మొగుడు పోయినా అంతే. గురువారం బండి వస్తుంది. మూట కట్టుకో.”

“నేనా ఊరు కంటితో చూడలేదు!”

“చూద్దువుగాని. అక్కడ బీదల సత్రం ఉంది. గాలి మంచిదట.”

“నాకు మీ రొట్టె వద్దు. రేపటి నుంచి ఇవ్వకండి.”

“తిన్నది కక్కలేవు కదమ్మా. నిన్న కూడా తిన్నావు. ఒకసారి మా చెయ్యి కిందికి వచ్చాక లెక్క తేలాల్సిందే.”

డోర్కస్ అవ్వ వాడి కోటు అంచు పట్టుకుంది. ఆవిడ భయపడటం అదే మొదటిసారి చూడటం. “బాబూ, మా ఆయన, పిల్లలు ఆ కాలువ అవతలే ఉన్నారు. వాళ్ళ పక్కన నా చోటుంది. కొండల్లో చస్తే నన్నెవరు ఇక్కడికి తెస్తారు? నేను ఈ పట్నానికి రాలేదయ్యా. పట్నమే మా ఇంటి మీదికి వచ్చింది. మా ఆవుని తినేసింది, మా గడ్డిని తినేసింది, మా నాన్న కొట్టాన్ని తినేసింది. నన్నెందుకు పొమ్మంటారు?”

గ్రిమ్‌షా చెడ్డవాడని అందామంటే, వాడు కూడా ఒక్క క్షణం బూట్ల వైపు చూసుకున్నాడు. కానీ రొట్టె మిగలడం ముఖ్యం. “చట్టం, నేనేం చెయ్యను? అసలు పెళ్ళే కాలేదంటే వేరే సంగతి. అప్పుడు పుట్టిన చోటే నీ ఊరయ్యేది” అన్నాడు. ఆవిడ నల్ల టోపీ, చంకలో బైబిలు చూసి నవ్వొచ్చింది వాడికి. “నిన్ను చూస్తే ఆ మాట అనడానికి కూడా నోరు రాదులే.”

నవ్వాడు. వాడి వెనక ఎవరూ నవ్వలేదు.

వాడంతా డోర్కస్ అవ్వ వంక చూసింది. అవ్వ మాత్రం కెజియా వంక చూసింది. ఆ పిల్ల మెట్ల మీదే ఉంది, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని. ఈసారి లేచి లోపలికి పోలేదు. చూపు కూడా తిప్పుకోలేదు.

“కాలేదు” అంది అవ్వ.

“ఏం కాలేదు?”

“పెళ్ళి కాలేదు.”

మా ఈనాక్ నోట్లో పైపు కింద పడి విరిగింది. గ్రిమ్‌షా కళ్ళు చిట్లించాడు. వాడు తెలివితక్కువవాడేం కాదు. “ఆ పుస్తకం మీద చెయ్యేసి చెప్పు.”

అవ్వ బైబిలును పంపు అరుగు మీద పెట్టింది. ఏప్రాన్‌కు చెయ్యి తుడుచుకుంది. వంకర వేళ్ళు తెరుచుకోవడానికి కొంచెం సేపు పట్టింది.

“నోవా టన్నిక్లిఫ్ నన్ను పెళ్ళి చేసుకోలేదు. ఉంచుకున్నాడు.”

“బతికినంత కాలం?”

“బతికినంత కాలం.”

“పిల్లలున్నారన్నావు?”

ఈ ప్రశ్న అడగకుండా ఉండాల్సింది. అవ్వ పెదాలు రెండుసార్లు కదిలాయి. ఆ మాట ఆవిడకు అలవాటైనదే, ఎన్నోసార్లు ఆ మెట్ల మీదికి విసిరినదే.

“రంకుకి పుట్టారు” అంది. “ముగ్గురూ.”

గ్రిమ్‌షా వాడంతా కలయజూశాడు. “ఈవిడకి పెళ్ళయిందని ఎవరికైనా తెలుసా?”

“పెళ్ళా? ఆవిడకా?” అన్నాడు మలాకీ. అబద్ధం ఆడటం మళ్ళీ చేతికొచ్చేసరికి వాడికి ప్రాణం లేచి వచ్చింది. “వాడంతటికీ పరువు తక్కువ బాబూ. మా పిల్లల్ని ఆ గుమ్మం తొక్కనివ్వం.”

“మేం మాట్లాడం కూడా ఆవిడతో” అన్నాను నేను.

“సిగ్గులేని మనిషి” అన్నాడు మా ఈనాక్.

గ్రిమ్‌షా పళ్ళు కొరికాడు. కాలువ గట్ల మీద చర్చిలెన్ని! ఏ పాదిరి బట్టతల పట్టుకుని అడుగుతాడు? పైగా పెవెరెల్ దొర పక్కనే ఉన్నాడు, ఆవిడ తండ్రి పాలవాడని సాక్ష్యం చెప్పిన పెద్దమనిషి. గురువారం బండి వేరే ఎవరినో ఎక్కించుకోవాల్సి వచ్చింది. అవ్వ రొట్టె అవ్వకు వచ్చింది.

వాళ్ళు సందు మలుపు తిరగగానే వాడంతా గోల. ఎవరో పళ్ళెం వాయించారు. మలాకీ మోకాలి మీద వంగి, “డోర్కస్ పిల్లా, ఇన్నాళ్ళూ పెళ్ళికాని సంగతి దాచావు కదే! ఈ ఐరిష్ కుర్రాణ్ణి చేసుకుంటావా?” అన్నాడు. పంపు కింది బాల్చీ ఎత్తి వాడి నెత్తిన కుమ్మరించింది అవ్వ. మేం పడి పడి నవ్వాం. ఆవిడ నవ్వలేదు. బైబిలు తీసుకుని లోపలికి వెళ్ళి గడియ వేసుకుంది. గంజి తీసుకెళ్ళి పిలిచినా తియ్యలేదు.

పెవెరెల్ దొర తన సంగతులన్నీ అచ్చువేయించాడని విన్నాను. గ్రిమ్‌షా అంత ఎగతాళి చేసినా, మా వాడ ఆడవాళ్ళ వల్లే పట్నం సగం నిండిందని అందులో ఉందట. ఈనాక్ ఆ వారమంతా చాతీ విరుచుకుని తిరిగాడు.

మాట మందిరానికి చేరడానికి ఎంతో సేపు పట్టలేదు. మా మలాకీ నోరు ఉండగా తపాలా ఎందుకు? మందిరం పెద్దలు కూర్చుని, ఇన్నేళ్ళుగా పాపం దాచిపెట్టి ముందు బల్ల మీద కూర్చున్న ఆడదానికి ఇక చోటు లేదని తేల్చారు. నిజం చెప్పి చూడొచ్చు కదా అన్నాను. “చెప్తే గ్రిమ్‌షా చెవిన పడదా? వాడి బావమరిదే అక్కడ చందా పళ్ళెం పట్టేది” అంది అవ్వ.

ఆదివారం ఏం చేస్తుందో చూద్దామని వెనకే వెళ్ళాను. నిజం చెప్పాలంటే సగం తమాషాకే వెళ్ళాను. అదే నల్ల టోపీ, అదే బైబిలు. తలుపు దగ్గర ఆపారు. సరేనని మందిరం మెట్ల మీద కూలబడింది. లోపల పాట మొదలవగానే ఇక్కడ తానూ అందుకుంది. అవ్వది గొడ్డు గొంతు. లోపలివాళ్ళు ఆవిడ రాగాన్ని తప్పించుకోబోయి తమ రాగం తప్పారు. ఒక చరణం ముందు నడిచేవాళ్ళు, ఒక చరణం వెనక పడేవాళ్ళు. బయటకు వెళ్ళగొట్టారు కానీ ఆ గొంతును ఏం చెయ్యగలరు? నాకు మహా సంబరంగా ఉంది.

పాట ఆగేసరికి చూస్తే అవ్వ చెంపలు తడిసి ఉన్నాయి.

“అబద్ధపు ప్రమాణానికి బాధపడుతున్నావా అవ్వా?” అన్నాను. నా నవ్వు నాకే వెగటనిపించింది.

“దేవుడికి అబద్ధమెక్కడిదే? నా పెళ్ళికి ఆయన వచ్చాడు. ఆయనకి తెలుసు” అంది. “పొద్దున్నే శ్మశానానికి వెళ్ళి నోవాకి కూడా చెప్పేశాను. నీ పక్కన పడుకోవడానికే నిన్ను మొగుడు కాదన్నానయ్యా అని. ఆయన ఏమీ అనుకోడు. నవ్వుకుని ఉంటాడు.”

“మరింకేంటి?”

“పిల్లలకి చెప్పలేకపోయానే” అంది. “పెద్దదానికి మాటలు వచ్చాయి పోయేనాటికి. దానికి ఏమని చెప్పను, నిన్ను ఏమని పిలిచానో?”

అప్పుడే కెజియా వచ్చింది. ఎప్పుడు బయల్దేరిందో, మా వెనకే వచ్చినట్టుంది. మందిరం మెట్ల మీద కూర్చోవడానికి ఒక్క క్షణం ఆగింది. అవ్వ తల ఎత్తి చూసింది, పక్కకు జరిగి చోటిచ్చింది.

“పాప పేరేంటే?” అని అడిగింది. అంతవరకూ ఒక్కసారీ అడగలేదు.

“రూత్” అంది కెజియా.

“రూత్” అంది అవ్వ మెల్లగా. ఇంకోసారి అంది. కెజియా బిడ్డను ఆవిడ ఒళ్ళో పెట్టింది. లోపల రెండో పాట మొదలైంది. అవ్వ ముక్కు చీదుకుని, అంతే గట్టిగా, అంతే అడ్డదిడ్డంగా అందుకుంది. నాకు పాట మాటలు సరిగా రాకపోయినా నేనూ గొంతు కలిపాను.